కళాయి లేని ఇత్తడి గిన్నెలో మజ్జిగ పులుసు, ముగ్గురికి వాంతులు

అత్తిలి_అమ్మాయి
పోయిన ఆదివారం మా ఇంట్లో జరిగింది చెప్తాను, తప్పు నాదైతే నాదేనని చెప్పండి. రెండు నెలల కింద ఆన్‌లైన్‌లో కొత్త ఇత్తడి గిన్నె కొన్నాను. పెట్టె మీద "కళాయి అక్కర్లేదు, అచ్చమైన లోహం, ఆరోగ్యానికి మంచిది" అని ఉంది. అన్నం, పప్పు వండుకున్నాం, ఏ ఇబ్బందీ రాలేదు. ఆదివారం పదకొండింటికి అందులో మజ్జిగ పులుసు కాచి, వేరే గిన్నెలోకి తీయకుండా మూత పెట్టి వదిలేశా. రాత్రి ఎనిమిదింటికి అదే వేడి చేసి వడ్డించా. పులుసు అంచు వెంబడి గిన్నె చుట్టూ సన్నగా పచ్చటి గీత ఉంది. కొత్తిమీర రంగు దిగిందేమో అనుకున్నా. నోట్లో పెట్టుకుంటే చిల్లర నాణెం చప్పరించినట్టు ఉంది. అరగంట తిరక్కుండానే మా బాబుకి (ఆరేళ్లు), తర్వాత నాకు, మా మావయ్యగారికి వాంతులు. మా ఆయన పులుసు వేసుకోలేదు, ఆయనకేమీ కాలేదు. డాక్టరు గారు ఓఆర్‌ఎస్ ఇచ్చి, రాత్రంతా చూసుకోమన్నారు. తెల్లారేసరికి అందరం తేరుకున్నాం.

నాకు అర్థం కానిది ఒకటే. మా అమ్మమ్మ పెళ్లయిన నాటి నుంచి ఇత్తడి గిన్నెల్లోనే వండింది. అప్పుడు లేని విషం ఇప్పుడెక్కడిది? ఆవిడ ఇచ్చిన గుండిగ, మరచెంబు, ఒక కంచు గిన్నె అటక మీద ఉన్నాయి. వాటినీ తీసేయాలా? రాగి బిందె నీళ్లు కూడా మానేయాలా?

కొలిమి_కబుర్లు
కొత్త గిన్నె లోపల తెల్లగా ఉందా, పసుప్పచ్చగా ఉందా?

అత్తిలి_అమ్మాయి
పసుప్పచ్చగానే. బయటా లోపలా ఒకటే రంగు.

కొలిమి_కబుర్లు
అయితే అమ్మమ్మ గుండిగ అటక మీంచి దింపి లోపలికి చూడండి. అడుగున ఎక్కడో తెల్లటి మచ్చలు మిగిలి ఉంటాయి. అదే కళాయి, ఇత్తడి గిన్నెకి లోపల వేసే తెల్లటి పూత.

మూకుడు_మహిమ
మా ఇంట్లో మూడు తరాలుగా ఇత్తడి పళ్లెంలోనే పులిహోర కలుపుతాం. ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదు. పెరుగు పాడై ఉంటుంది, ఎండలు చూశారు కదా. పాపం గిన్నె మీద పెడుతున్నారు.

అత్తిలి_అమ్మాయి
@మూకుడు_మహిమ పెరుగు అదే రోజు తోడుకున్నదండీ. అదే పెరుగుతో మా ఆయన అన్నం తిన్నారు.

లోహాల_మాష్టారు
పులిహోర కలిపి పది నిమిషాల్లో విస్తట్లోకి తీసేయడం వేరు, పులుసు తొమ్మిది గంటలు నిలవ ఉంచడం వేరు. ఇత్తడి అంటే రాగిలో జింకు కలిపిన మిశ్రమం. పాత పుస్తకాల్లో తుత్తునాగం అన్నది ఈ జింకునే. గిన్నెల ఇత్తడిలో మూడింట రెండు వంతులు, కాస్త అటూ ఇటూగా, రాగే ఉంటుంది. మజ్జిగలో లాక్టిక్ ఆమ్లం, చింతపండులో టార్టారిక్ ఆమ్లం. ఇలాంటి బలహీనమైన ఆమ్లాలు ఒంటరిగా రాగిని కరిగించలేవు, గాలిలోని ఆక్సిజన్ తోడు కావాలి. పులుసు, గాలి, లోహం మూడూ కలిసే చోటు ఏది? పులుసు అంచు. అందుకే మీకు పచ్చ గీత సరిగ్గా అక్కడే కనిపించింది. కొత్తిమీర రంగైతే పులుసంతా ఉండాలి కదా.

ఆ పచ్చదనం రాగి లవణాలదే. మన వాళ్లు కిలుము పట్టింది అనేది దాన్నే.

మూకుడు_మహిమ
సరే మాష్టారూ, ఆ అంచు సంగతి నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నా. పులిహోర మాత్రం మానను.

కొలిమి_కబుర్లు
ఇప్పుడు కొంచెం పెద్దగా రాస్తాను, ఇది మా ఇంటి సంగతి. మా నాన్న తణుకు చుట్టుపక్కల ఊళ్లలో కళాయి పూసేవారు. పక్కనే అజ్జరం, ఇత్తడి సామాన్లకి పేరున్న ఊరు, కాబట్టి పని ఎప్పుడూ ఉండేది. సైకిలు మీద తోలుతిత్తి, బొగ్గుల సంచి, పట్టుకారు. ఏదో చెట్టు కింద గుంట తవ్వి కొలిమి పెట్టేవారు. తిత్తి ఊదే పని నాది.

ముందు గిన్నెని చింతపండు, ఇసుక వేసి తోమాలి. నూనె జిడ్డు ఒక్క వేలిముద్రంత ఉన్నా అక్కడ కళాయి అంటదు. తర్వాత నిప్పుల మీద తిప్పుతూ కాల్చి, లోపల నవసాగరం పొడి చల్లుతారు. బుస్సుమని తెల్లటి పొగ లేస్తుంది, కళ్లు మండిపోతాయి. అప్పుడు తగరం కడ్డీ కొస గిన్నెకి ఆనిస్తే చాలు, వెన్నలా కరుగుతుంది. గుడ్డ పీలికతో గిర్రున తిప్పి రుద్దితే క్షణంలో లోపలంతా అద్దంలా అయిపోతుంది. వెంటనే నీళ్లలో ముంచడమే. అప్పటిదాకా మసిబారిన గిన్నె ఒక్కసారిగా వెన్నెల్లా మెరిస్తే చుట్టూ చేరిన పిల్లలం "ఓ" అని అరిచేవాళ్లం. మీ అమ్మమ్మ ఇత్తడిలో వండిందన్నది నిజమే గానీ, ఆవిడ కూర ఇత్తడిని ముట్టుకోలేదమ్మా. తగరాన్ని ముట్టుకుంది.

కళాయి అరిగిపోయి లోపల పసుపు కనబడితే మళ్లీ పూయించేదాకా ఆ గిన్నెలో పులుపు వండేవారు కాదు. ఆ జాగ్రత్త ఇళ్లల్లో ఆడవాళ్లకి తెలుసు. స్టీలు వచ్చాక గిన్నెలతో పాటు ఆ మాటా అటకెక్కింది. ఇప్పుడు గిన్నెలు దిగాయి, మాట దిగలేదు.

పెద్దపల్లి_పోరడు
అన్నా ఆ ముచ్చట చదువుతుంటే మా నాయనమ్మ యాదికొచ్చింది. మా దిక్కు గూడ పండుగ ముందట కలాయి పెట్టెటోళ్లు వస్తుండె. వాళ్లు రాకముందే గంగాళాలన్నీ వాకిట్ల పెట్టి కూసునేది.

లోహాల_మాష్టారు
@కొలిమి_కబుర్లు మీ నాన్నగారు చేసినదానికి రెండు ముక్కలు కలుపుతాను. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే బొగ్గుల కొలిమి చాలు. నవసాగరం అంటే అమ్మోనియం క్లోరైడ్. వేడికి విడిపోయి, ఇత్తడి మీద సన్నగా పట్టి ఉన్న ఆక్సైడ్ పొరని తినేస్తుంది. ఆ పొర పోతేనే తగరం రాగిని పట్టుకుంటుంది. పైపైన అంటుకోవడం కూడా కాదు, రెండూ కలిసే చోట సన్నటి మిశ్రమ పొర ఏర్పడుతుంది. ఖాళీ గిన్నె మంట మీద మరిచిపోతే కళాయి ముద్ద కట్టడానికి కారణం కూడా ఆ 232 డిగ్రీలే. పోపు, వేపుళ్లు అందులో వద్దు.

చారు_చెంబు
అదే సత్తు చెంబుకీ వర్తిస్తుంది. మా అమ్మ చారు సత్తు గిన్నెలోనే పెట్టేది. నీళ్లు పోయకుండా ఒక్కసారి పొయ్యి మీద పెట్టాను, గిన్నె నా కళ్లముందే కుంగిపోయింది. ఆ రోజు ఏడ్చాను.

పెద్దపల్లి_పోరడు
సత్తు గిన్నె గంత జల్ది కరుగుడేంది? మా ఇంట్ల సత్తు గిన్నెల్నే నీళ్లు కాగవెడ్తరు, ఏండ్ల సంది.

చారు_చెంబు
మీరనేది అల్యూమినియం. సత్తు అంటే తగరం.

వేపచెట్టు
మా ఊళ్లో అల్యూమినియాన్ని సిల్వర్ గిన్నె అంటారు. సత్తు అనరు.

పెద్దపల్లి_పోరడు
సిల్వర్ అన్నా సత్తు అన్నా మాకు ఒకటే, తెల్లగ తేలికగ ఉంటది.

లోహాల_మాష్టారు
గొడవ వద్దు. ఊరిని బట్టి మాట మారింది. కొన్ని చోట్ల సత్తు అంటే తగరం, కొన్ని చోట్ల అల్యూమినియం. కానీ కొనేటప్పుడు పేరు చూసి కొనకండి, బరువు చూడండి. తగరం అల్యూమినియం కన్నా రెండున్నర రెట్లు పైగా బరువు. అల్యూమినియం కరగడానికి 660 డిగ్రీలు కావాలి. ఇక జర్మన్ సిల్వర్ అని పూజ సామాన్లు అమ్ముతారే, అందులో వెండి పిసరంత కూడా ఉండదు. రాగి, నికెలు, జింకు.

వేపచెట్టు
జర్మన్ సిల్వర్లో వెండి లేదా!! మా ఆడపడుచుకి గృహప్రవేశానికి ఇచ్చింది అదే.

లోహాల_మాష్టారు
మంచి లోహమేనమ్మా, గట్టిగా ఉంటుంది, త్వరగా పాడవదు. పేరే తప్పు.

పిల్లల_డాక్టర్_నల్గొండ
మొదటి ప్రశ్నకి వైద్యం వైపు నుంచి. మీరు చెప్పిన వరస, అంటే లోహపు రుచి, అరగంటలో వాంతులు, తినని వాళ్లకి ఏమీ లేకపోవడం, తెల్లారేసరికి తగ్గిపోవడం, రాగి ఎక్కువైనప్పుడు కనిపించేదే. చూడకుండా తేల్చి చెప్పలేను గానీ, బాబుకి మళ్లీ కడుపునొప్పి, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం లాంటివి ఉంటే వెంటనే చూపించండి. ఒక్కసారికి సాధారణంగా ఇక్కడితో అయిపోతుంది. రాగి కడుపుని వెంటనే రేపుతుంది, శరీరం బయటికి నెట్టేస్తుంది.

భయపడాల్సింది రోజూ కొద్దికొద్దిగా, అదీ పసిపిల్లలకి వెళ్లే రాగి గురించి. మా సీనియర్లు చెప్పేవాళ్లు, మన దేశంలో ఒకప్పుడు చిన్నపిల్లల్ని లివరు గట్టిపడే జబ్బు చంపేసేది. ఇండియన్ చైల్డ్‌హుడ్ సిర్రోసిస్ అని ప్రపంచమంతా మన పేరే పెట్టింది. ఏడాది, రెండేళ్ల పిల్లలు, లివరు నిండా రాగి. 1980ల్లో పుణెలో పరిశోధించిన వైద్యులు దాన్ని కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో కాచి నిలవ ఉంచిన పాలతో ముడిపెట్టారు. పాలలోని కేసిన్ ప్రొటీను రాగిని పట్టుకుని ఉంచుకుంటుంది. వంటింట్లోకి స్టీలు వచ్చింది, పిల్లల పాలు స్టీలులోకి మారాయి, ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. నేను చదువుకున్నన్నాళ్లలో ఒక్క కేసు చూశాను. అందుకే ఈ మధ్య ఉయ్యాల ఫంక్షన్లకి ఇత్తడి పాలగిన్నె, రాగి ఉగ్గుగిన్నె బహుమతిగా ఇస్తుంటే నాకు కడుపులో దేవినట్టవుతుంది. దయచేసి ఇవ్వకండి. ఇచ్చినా షెల్ఫులో పెట్టుకోండి.

అత్తిలి_అమ్మాయి
డాక్టర్ గారూ, బాబు బాగానే ఉన్నాడు, నిన్న బడికి కూడా వెళ్లాడు. మీరు చెప్పినవి గుర్తు పెట్టుకుంటాను. మరి రాగి బిందె?

పిల్లల_డాక్టర్_నల్గొండ
ఉత్త నీళ్లకి రాగి బిందె పర్వాలేదు. 2012లో బెంగళూరు పరిశోధకులు నీళ్లలో విరేచనాలు పుట్టించే బ్యాక్టీరియా కలిపి రాగి పాత్రలో 16 గంటలు ఉంచితే అవి చచ్చిపోయాయి, నీళ్లలోకి దిగిన రాగి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లోపే ఉంది. ఆ హద్దు లీటరుకి 2 మిల్లీగ్రాములు. రాత్రి పోసి పొద్దున తాగండి, నాలుగు రోజులు నిలవ ఉంచకండి. రాగి సీసాలో నిమ్మరసం, మజ్జిగ, పళ్లరసం పోయకండి. ఇంట్లో ఎవరికైనా విల్సన్ జబ్బు ఉంటే మాత్రం రాగి పాత్రలే వద్దు. వాళ్ల లివరు మిగులు రాగిని పైత్యరసంలోకి పంపలేదు, అది లివరులో, మెదడులో, కంటి నల్లగుడ్డు అంచున పేరుకుంటుంది.

బోర్లించిన_బొచ్చె
అంటే రాగి మంచిదా చెడ్డదా? ఒకరు విషం అంటారు, ఒకరు అమృతం అంటారు.

లోహాల_మాష్టారు
ఎంత, ఎవరికి, దేనితో కలిసి. ఈ మూడూ చెప్పకుండా ఏ లోహానికీ మంచిచెడ్డలు ఉండవు. మన ఒంట్లో ఉన్న రాగి మొత్తం పోగేస్తే గ్రాములో పదో వంతు. అది లేకపోతే తిన్న ఇనుము రక్తంలో సరిగ్గా కదలదు. కొలిమిలోనూ అంతే. రాగికి జింకు కలిపితే వంగే ఇత్తడి. అదే రాగికి అయిదో వంతు పైగా తగరం కలిపితే ఖంగుమనే కంచు, కింద పడేస్తే పగులుతుంది కూడా.

పెద్దపల్లి_పోరడు
మా తెలంగాణల కోనసముద్రం ఉక్కు గూడ గంతే కద మాష్టారు. డమాస్కస్ కత్తులకు ఈడ్నుంచే పోయింది. అండ్ల కలిసింది నూటికి ఒకటిన్నర పాలు బొగ్గే నట.

లోహాల_మాష్టారు
అవును, ఒకటి నుంచి ఒకటిన్నర శాతం కార్బన్. ఆ కాస్త తేడాకే పరదేశీ వర్తకులు అంత దూరం వచ్చి కొనుక్కుపోయారు.

నాగావళి
జింకు గురించి మా బాబాయి కథ చెప్పాలి. కరోనా అప్పుడు రోగనిరోధక శక్తికని జింకు మాత్రలు మొదలుపెట్టాడు. రోజుకి 50 మిల్లీగ్రాములు. ఆపమని ఎవరూ చెప్పలేదు, ఏడాదిన్నర వేసుకున్నాడు. నడుస్తుంటే కాళ్లు తిమ్మిరి, రక్తం తగ్గింది. ఐరన్ ఇచ్చారు, పెరగలేదు. చివరికి ఒక పెద్ద డాక్టరు గారు రాగి పరీక్ష రాస్తే అది బాగా తక్కువ ఉంది. జింకు ఎక్కువైతే పేగు రాగిని లోపలికి రానివ్వదట.

పిల్లల_డాక్టర్_నల్గొండ
@నాగావళి సరిగ్గా చెప్పారు. అదే గుణాన్ని విల్సన్ జబ్బులో మందుగా వాడతాం, జింకు ఇచ్చి రాగిని అడ్డుకుంటాం. పిల్లలకి విరేచనాలైతే ఓఆర్‌ఎస్‌తో పాటు 14 రోజులు జింకు ఇస్తాం, ఆర్నెల్లు దాటిన వాళ్లకి రోజుకి 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవాళ్లకి 10. పద్నాలుగు రోజులు మందు, ఏడాదిన్నర హాని.

మా జిల్లా వాళ్లకి ఇంకో పాత పాఠం ఉంది. ఫ్లోరైడ్ నీళ్లతో నల్గొండ పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడం 1970ల్లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చూశారు. అక్కడ పండిన జొన్నల్లో మాలిబ్డినం అనే లోహం ఎక్కువ ఉందని, అది ఒంట్లోని రాగిని బయటికి పంపేస్తుందని అప్పట్లోనే రాశారు. నాకు చిన్నప్పుడు మా బళ్లో అలాంటి కాళ్లతో నడిచే అక్క ఒకామె ఉండేది. ఒక లోహం పెరిగితే ఇంకోటి తరిగి, ఎముక వంగుతుందని అప్పుడు ఎవరికి తెలుసు.

బోర్లించిన_బొచ్చె
మాలిబ్డినం స్టీలులో కదా వేస్తారు?

లోహాల_మాష్టారు
వేస్తారు. 316 రకం స్టీలులో 2 నుంచి 3 శాతం. ఉప్పునీటికి తట్టుకోవడానికి. మన రక్తం ఉప్పునీరే కదా, అందుకే ఎముకలకి వేసే ప్లేట్లలో దాని తమ్ముడు 316ఎల్ వాడతారు.

గిల్టు_గాజులు
అమ్మయ్య, ఈ మాట వచ్చింది. నాకు గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవులు రసి కారతాయి. వాచీ బకిలు తగిలిన చోట మచ్చ. నికెలు పడదు అన్నారు. పోయిన నెల బండి మీంచి పడి ముంజేయి విరిగింది, స్టీలు ప్లేటు వేస్తామంటున్నారు. అందులో నికెలు ఉంటుందట. లోపల కూడా దురద పుడుతుందా? నిద్ర పట్టట్లేదు.

రాడ్డు_రాజు
నా తొడ ఎముకలో టైటానియం రాడ్డు ఉంది, తొమ్మిదేళ్లయింది. వానొచ్చినా చలొచ్చినా ఏమీ తెలియదు. ఎమ్మారై కూడా తీశారు, ఏం కాలేదు. మీ డాక్టరుకి నికెలు సంగతి ముందే చెప్పండి, టైటానియం అడగండి.

లోహాల_మాష్టారు
@గిల్టు_గాజులు నేను ముప్పై ఏళ్లు మిశ్రలోహాల పనిలోనే ఉన్నాను, అందులో కొన్నేళ్లు టైటానియం. ఎముకల్లో వాడే టైటానియంలో ఎక్కువగా 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలుపుతారు, నికెలు కలపరు. గాలి తగిలిన క్షణంలోనే దాని మీద ఆక్సైడ్ పొర పుడుతుంది, గీరుకుపోయినా మళ్లీ పుడుతుంది. ఆ పొరని ఎముక తనదిగా భావించి అతుక్కుపోతుంది. స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్ 1950ల్లో కుందేలు కాలి ఎముకలో పెట్టిన టైటానియం పరికరం తీయబోతే రాలేదు. పళ్ల ఇంప్లాంట్లు పుట్టింది అక్కడే. ఈ లోహం మన హైదరాబాదులో మిధాని అనే ప్రభుత్వ లోహాల కర్మాగారంలోనూ తయారవుతుంది.

గిల్టు నగలో నికెలు పూతగా పైనే ఉంటుంది, చెమటకి కరిగి చర్మంలోకి దిగుతుంది. స్టీలులో నికెలు క్రోమియం పొర కింద బందీగా ఉంటుంది. అందుకే చాలామందికి ప్లేటు వల్ల ఏమీ కాదు. కానీ మీకు అంత తీవ్రంగా ఉంది కాబట్టి రాజుగారు చెప్పినట్టు ముందే చెప్పి, టైటానియం వేయించుకోండి. నిద్రపోండి తల్లీ.

గిల్టు_గాజులు
ఇవాళే అడుగుతాను. చాలా థాంక్స్ మాష్టారూ, రాజుగారూ.

వేపచెట్టు
అయస్కాంతం అంటుకుంటే నకిలీ స్టీలు అని మా షాపతను అంటాడు, నిజమేనా?

లోహాల_మాష్టారు
సగమే నిజం. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉన్న 304 గిన్నెకి అయస్కాంతం దాదాపు అంటదు. కానీ నికెలు లేని 430 రకానికి అంటుతుంది, అదీ స్టెయిన్‌లెస్సే, ఇండక్షన్ పొయ్యికి అడుగున వేసేది దాన్నే. ఇంకో పక్క, నికెలు తగ్గించి మాంగనీసు పెంచిన 200 రకానికి కూడా అయస్కాంతం అంటదు, ధర తక్కువ, ఉప్పు పులుపులకి త్వరగా మచ్చలు పడుతుంది. గిన్నె అడుగున అంకె చూసి కొనండి.

ఆశా_అక్క
ఇనుప మూకుడు గురించి ఎవరూ ఎత్తలేదు. మా ఊళ్లో ఒక గర్భిణికి ఆరో నెలలో హిమోగ్లోబిన్ 7.8. మేమిచ్చిన ఎర్ర మాత్రలు విరేచనం నల్లగా వస్తోందని దూలం మీద పెట్టేసింది. ఇనుప మూకుట్లో వండుకుంటున్నా కదా అక్కా చాలదా అంటుంది. చాలదమ్మా. మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, మూకుడు ఎంతిచ్చిందో ఎవరు తూచారు? విరేచనం నల్లబడటం ఒంటికి అక్కర్లేని ఇనుము పోవడమే, జబ్బు కాదు. టీతో మింగొద్దు, నిమ్మకాయ నీళ్లతోనో ఉసిరికాయతోనో వేసుకోండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు నాలుగు గంటలు తేడా పెట్టండి. దేశంలో సగం మందికి పైగా ఆడవాళ్లకి రక్తం తక్కువ. మూకుడు ఉంటే మంచిదే, టమాటా, చింతపండు వండితే ఇంకాస్త ఇనుము దిగుతుంది. మాత్ర మాత్రం మానొద్దు.

మూకుడు_మహిమ
అక్కా, నా పేరు చూసి తిడతారేమో అనుకున్నా. మా కోడలికి ఈ పోస్టు చదివి వినిపించాను.

ఆశా_అక్క
తిట్టడం ఎందుకు, ఆ మూకుట్లోనే గోంగూర వండి పెట్టండి, పక్కనే మాత్ర పెట్టండి.

బోర్లించిన_బొచ్చె
ఒంట్లో మొత్తం ఇనుము ఎంత ఉంటుంది?

పిల్లల_డాక్టర్_నల్గొండ
పెద్దవాళ్లలో 3 నుంచి 4 గ్రాములు. ఒక మేకు బరువు. అందులో చాలావరకు రక్తంలోనే, ఒక్కో హిమోగ్లోబిన్ అణువులో నాలుగేసి ఇనుప పరమాణువులు. క్యాల్షియం మాత్రం కిలో దాకా ఉంటుంది.

వేపచెట్టు
క్యాల్షియం లోహమా? తాంబూలంలో సున్నం కదా అది.

లోహాల_మాష్టారు
లోహమే. ఉప్పులో సోడియం, అరటిపండులో పొటాషియం కూడా. కత్తితో కోస్తే మెరిసే లోహాలు, గాలిలో నిలవలేవు కాబట్టి మనకి ఎప్పుడూ లవణాలుగానే కనిపిస్తాయి.

సియాటిల్_చినబాబు
అమెరికా నుంచి ఒక హెచ్చరిక. ఇక్కడ కింగ్ కౌంటీ ఆరోగ్యశాఖ వాళ్లు పిల్లల రక్తంలో సీసం ఎందుకు పెరుగుతోందో వెతుకుతూ కొన్ని అల్యూమినియం గిన్నెలు, ప్రెషర్ కుక్కర్ల దాకా వెళ్లారు. రకరకాల తుక్కు కరిగించి పోసిన అల్యూమినియంలో సీసం కలిసిపోతుంది, పుల్లటి వంటలోకి దిగుతుంది. అల్యూమినియం వల్ల మతిమరుపు వస్తుందన్నది తేలని మాట, సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుందన్నది తేలిన మాట. ఒంటికి సీసంతో ఏ అవసరమూ లేదు, చుక్క కూడా. ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఊరూపేరూ లేని బరువైన పోత బాండీలు తెచ్చుకోకండి. మా అమ్మ తెచ్చిన ఒకటి నేను పారేశాను, ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

బంగారు_బాపు
సీసం లాంటిదే మా వృత్తిలో కాడ్మియం. కేడీఎం నగలు అని గొప్పగా అడిగేవారు గుర్తుందా? బంగారం అతకడానికి కాడ్మియం కలిపిన టంకం అది. నగ పెట్టుకున్నవాళ్లకి ఏమీ కాదు, ఊదుగొట్టంతో ఊదే మాకు ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి, కిడ్నీల్లోకి. మా పెదనాన్న యాభై దాటకుండానే ఆయాసంతో పని మానేశాడు. ఇప్పుడు దాన్ని నిషేధించారు, జింకు లాంటివి కలిపిన టంకం వాడుతున్నాం. ఇంకా కేడీఎం కావాలని అడిగేవాళ్లు వస్తే, హాల్‌మార్కు చూసుకోమ్మా, అది 916 అంటే నూటికి 91.6 పాళ్లు బంగారం అని చెప్పి పంపుతున్నా.

కొలిమి_కబుర్లు
@బంగారు_బాపు మీ పెదనాన్న సంగతి చదివి బాధేసింది. మా నాన్నకీ ఆ పొగే మిగిలింది, దగ్గుతోనే పోయారు.

సీసం మాట వచ్చింది కాబట్టి అత్తిలి చెల్లెమ్మకి అసలు ముఖ్యమైనది చెప్పాలి. కళాయి పూయించేటప్పుడు తగరం ఖరీదని కొందరు సీసం కలుపుతారు. దానికన్నా కళాయి లేని గిన్నే నయం. కడ్డీ చూపించమని అడగండి. నాన్న కడ్డీని చెవి దగ్గర పెట్టి వంచేవారు. అచ్చమైన తగరం వంగుతూ కరకరమంటుంది. సీసం అలా పలకదు, మెత్తగా వంగిపోతుంది.

లోహాల_మాష్టారు
నిజమే, దాన్ని తగరం ఏడుపు అంటారు. వంగేటప్పుడు లోపలి స్ఫటికాలు ఒక్కసారిగా పక్కకి ఒరిగే చప్పుడు. కొద్దిపాటి సీసాన్ని చెవి పట్టలేదు, కాబట్టి అనుమానముంటే ల్యాబులో పరీక్ష చేయించండి. మోసాన్ని వాసన పట్టడానికి మాత్రం మీ నాన్నగారి పద్ధతి మంచి పద్ధతి.

అత్తిలి_అమ్మాయి
అందరికీ ఒక్కసారే చెప్తున్నా. అమ్మమ్మ గుండిగ దింపి చూశాను. అడుగున నిజంగానే తెల్లటి మచ్చలున్నాయి. నలభై ఏళ్ల కింద పూసింది అయి ఉంటుంది. వేలితో తడిమి చాలాసేపు కూర్చున్నాను. ఆవిడ అంత జాగ్రత్తగా ఉంటే నేను పెట్టె మీద మాట నమ్మాను. అమ్మినవాళ్లకి ఫొటోలతో సహా రాశాను, కళాయి అక్కర్లేదన్న మాట తీసేయమని అడిగాను, జవాబు రాలేదు. మళ్లీ రాస్తాను.

కంచు గిన్నె పెరుగన్నం కలుపుకుని వెంటనే తినడానికి ఉంచుకుంటున్నా, నిలవకి కాదు. సరేనా మాష్టారూ?

లోహాల_మాష్టారు
సరే. కంచు ఇత్తడి కన్నా ఓర్చుకుంటుంది, కానీ అదీ రాగే.

కొలిమి_కబుర్లు
కళాయికి ఎక్కడ ఇస్తున్నారు?

అత్తిలి_అమ్మాయి
ఇచ్చేశాను. తణుకు పాత బజారు పక్క సందులో ఒక పెద్దాయన ఇంకా చేస్తున్నారు. బాబుని కూడా తీసుకెళ్లాను. కడ్డీ చూపించమంటే ముందు నా వంక ఎగాదిగా చూశారు, తర్వాత నవ్వి బాబుని పిలిచి వాడి చెవి దగ్గర పెట్టి వంచారు. వాడు మళ్లీ మళ్లీ అన్నాడు. మూడుసార్లు వంచారు. గుండిగ, మరచెంబు రెండూ అద్దంలా వచ్చాయి. కొత్త ఇత్తడి గిన్నె కూడా పట్టుకెళ్లాను, దానికీ పూశారు. వచ్చే నెల వాళ్ల అబ్బాయి దగ్గరికి వెళ్లిపోతున్నారట, ఆ వైపు ఎవరికైనా పని ఉంటే పదిహేనో తారీకు లోపు వెళ్లండి. పొద్దున పూటే ఉంటారు.

చారు_చెంబు
నేను భీమవరం నుంచి శనివారం వస్తున్నా. రెండు గంగాళాలు, ఒక పాలగిన్నె. సందు గుర్తు చెప్పండి.